లోతు నీళ్లలోకి దింపే ముందు ఫోర్ బై ఫోర్‌కి ఏమేం చేయించాలి?

మట్టిరోడ్డు

అందరికీ నమస్కారం. నాది డీజిల్ ఫోర్ బై ఫోర్, మాన్యువల్ గేర్లు. కంపెనీ నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉంది, అదనంగా ఏమీ బిగించలేదు. రాబోయే ట్రిప్‌లో మోకాలి పైదాకా నీళ్లుండే వాగులు దాటాల్సి ఉంటుంది. స్నార్కెల్ (ఇంజన్ గాలి పీల్చే నోటిని పైకప్పు ఎత్తుకు తీసుకెళ్లే గొట్టం) పెట్టిస్తే ఇక భయం లేదని కొందరు చెప్తున్నారు, అది దండగ అని ఇంకొందరు. బండితో ఇచ్చిన బుక్‌లో 700 మిల్లీమీటర్ల దాకా వెళ్లొచ్చని ఉంది. స్నార్కెల్ పెడితే ఆ అంకె పెరుగుతుందా? అసలు పని ఎక్కడ మొదలుపెట్టాలి? ఇంజన్ పోతుందేమోనని బాగా టెన్షన్‌గా ఉంది.

పానాపట్టు

మీ స్నార్కెల్ ప్రశ్నకు ముందు జవాబు చెప్తా. పెరగదు. ఆ 700 అనేది గాలి పీల్చే గొట్టం ఎత్తు ఒక్కటే చూసి రాసింది కాదు. ఆల్టర్నేటర్, స్టార్టర్, వైరింగ్ కనెక్టర్లు, గేర్‌బాక్స్, యాక్సిల్ బ్రీదర్లు, డోర్ల రబ్బర్లు, అన్నీ కలిపి చూసుకుని ఇచ్చిన అంకె. స్నార్కెల్ వీటిలో ఒక్కదాన్నే పైకి ఎత్తుతుంది. మిగతావన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి.

ఇంజన్ గురించి మీ భయం మాత్రం న్యాయమైనదే. లెక్క వేసి చూడండి. 2 లీటర్ల నాలుగు సిలిండర్ల డీజిల్ అనుకుందాం. ఒక్కో సిలిండర్ 500 సీసీ. కంప్రెషన్ నిష్పత్తి 16:1 అయితే పిస్టన్ పూర్తిగా పైకి వచ్చినప్పుడు మిగిలే ఖాళీ సుమారు 33 సీసీ, అంతే. అంటే రెండు పెద్ద చెంచాలకు కాస్త ఎక్కువ నీళ్లు. గాలి నలుగుతుంది, నీళ్లు నలగవు. అంతకు మించి నీళ్లు చేరితే పిస్టన్ పైకి రాలేదు, కానీ క్రాంక్ తోస్తూనే ఉంటుంది. పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది, లేదా విరిగి బ్లాకుకు చిల్లు పెడుతుంది. దీన్నే హైడ్రోలాక్ అంటాం. పెట్రోల్ ఇంజన్లో కంప్రెషన్ తక్కువ కాబట్టి ఖాళీ కొంచెం ఎక్కువ ఉంటుంది. అయినా అక్కడా తేడా చెంచాల్లోనే.

కాబట్టి మొదటి పని: బానెట్ ఎత్తి, మీ బండి గాలి ఎక్కడి నుంచి పీలుస్తోందో వెతకండి. ఫిల్టర్ పెట్టె నుంచి గొట్టం వెంట చెయ్యి పోనిస్తే హెడ్‌లైట్ వెనకాలో, ఫెండర్ లోపలో దాని నోరు తగులుతుంది. నేల నుంచి అక్కడికి టేపుతో కొలవండి. స్నార్కెల్ కావాలా వద్దా అనేది ఆ కొలత చూశాక మాట్లాడుకుందాం.

లోరేంజ్

పానాపట్టు అన్న చెప్పినదానికి ఒక మాట కలుపుతా. బుక్‌లో రాసే లోతు నిలకడ నీళ్లకు, గట్టి నేలకు, మెల్లగా నడిపితేనే. ఫోర్డ్ రేంజర్‌కి 800, హైలక్స్‌కి 700, థార్‌కి 650, కొత్త డిఫెండర్‌కి ఎయిర్ సస్పెన్షన్ ఎత్తితే 900 మిల్లీమీటర్లు అంటారు. వీటిలో ఏదీ పారే వాగుకు ఇచ్చిన హామీ కాదు. నీటి అడుగున ఒక గుంటలో చక్రం దిగితే చాలు, ఆ మూల బండి అర అడుగు లోతుకు పోతుంది. నేనైతే బుక్‌లో ఉన్న అంకెలో మూడో వంతు తీసేసి చూసుకుంటాను.

మట్టిరోడ్డు

ఇప్పుడే కొలిచాను. గాలి గొట్టం నోరు నేల నుంచి సుమారు 95 సెంటీమీటర్లు. కొంచెం ధైర్యం వచ్చింది. ఇందాక బ్రీదర్లు అన్నారు కదా, అవి ఏంటి, ఎక్కడుంటాయి? సర్వీసింగ్‌లో ఎవరూ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

పానాపట్టు

సర్వీసింగ్‌లో ఎత్తరు. కానీ నీళ్లలో తిరిగే బండికి నేను మొదట చేసే పని అదే, స్నార్కెల్ కంటే ముందు.

డిఫరెన్షియల్ (డిఫ్) అంటే యాక్సిల్ మీద, రెండు చక్రాలకూ శక్తిని పంచే గేర్లున్న, ఆయిల్‌తో ఉన్న మూత పెట్టిన ఇనుప పెట్టె. రోడ్డు మీద పరిగెత్తాక చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది. లోపలి గాలి వ్యాకోచించి బయటికి పోవడానికి యాక్సిల్ మీద చిన్న టోపీలాంటి వాల్వ్ ఉంటుంది, బొటనవేలి గోరంత. అదే బ్రీదర్. ఆ వేడి మీదే చల్లటి నీళ్లలోకి దిగితే లోపలి గాలి ఒక్కసారిగా కుంచించుకుపోయి, బయటి నుంచి దొరికింది లాక్కుంటుంది. బ్రీదర్ మునిగి ఉంటే దాని నుంచి నీళ్లు లాగుతుంది. బ్రీదర్ మట్టితో మూసుకుపోయి ఉంటే ఇంకా ఘోరం, ఆయిల్ సీల్ అంచుల నుంచి లాగుతుంది. సీల్‌ను తయారుచేసింది లోపలి ఆయిల్‌ను ఆపడానికి, బయటి నీళ్లను ఆపడానికి కాదు.

ఆ రోజుకు ఏమీ తెలియదు. బండి బాగానే పోతుంది. లోపల ఆయిల్, నీళ్లు చిలికినట్టు కలిసి తెల్లగా చిక్కబడతాయి. దానికి గేర్ల పళ్లను కాపాడే శక్తి ఉండదు. కొన్ని నెలలకు బేరింగ్ ఊళ పెడుతుంది. అప్పటికి వాగు సంగతి ఎవరికీ గుర్తుండదు.

చేయాల్సింది చాలా చిన్నది. ఆ టోపీ విప్పి, దాని స్థానంలో నిపుల్ బిగించి, ఆయిల్‌కి తట్టుకునే రబ్బరు గొట్టం తగిలించి, ఛాసిస్ వెంట ఇంజన్ గదిలో ఫైర్‌వాల్ (ఇంజన్‌కీ మనం కూర్చునే చోటుకీ మధ్య గోడ) పైదాకా తీసుకెళ్లాలి. ముందు యాక్సిల్, వెనక యాక్సిల్, గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేస్ (శక్తిని ముందు, వెనక యాక్సిళ్లకు పంచే పెట్టె), నాలుగూ. కొన్ని బండ్లకు గేర్‌బాక్స్ గొట్టం కంపెనీ వాళ్లే పైకి ఇచ్చి ఉంటారు, చూసుకోండి. యాక్సిల్ పైకీ కిందకీ ఊగుతుంది కాబట్టి అక్కడ గొట్టం కాస్త వదులుగా ఉండాలి, సైలెన్సర్‌కు దూరంగా పోవాలి. ఎక్కడా మడత పడకూడదు. మడత పడితే మూసుకుపోయిన బ్రీదర్‌తో సమానం.

వానకాలం

ఈ వేడి విషయం మీద నాదీ ఒక సలహా. వాగు కనపడగానే దిగకండి. గట్టున బండి ఆపి పావుగంట చల్లారనివ్వండి. డిఫ్, హబ్‌లు (చక్రాల మధ్య భాగాలు), టర్బో, సైలెన్సర్, అన్నిటికీ మంచిది. ఎలాగూ ఆ టైమ్‌లో మీరు నీళ్లలో నడిచి చూడాలి.

ఏటిగట్టు

నడిచి చూడటం అన్నారు కాబట్టి నేను దిగుతున్నాను. ఇక్కడ అందరూ బండి గురించే మాట్లాడుతున్నారు. నాకు మనుషుల గురించి భయం.

పారే నీళ్ల తోపుడు వేగపు వర్గంతో పెరుగుతుంది. ప్రవాహం రెట్టింపు వేగంగా ఉంటే బండి పక్కను తోసే బలం నాలుగింతలు. దానికి తోడు తేలుడు. 4.5 మీటర్ల పొడవు, 1.8 మీటర్ల వెడల్పు ఉన్న బండి నేల పలక వైశాల్యం సుమారు 8 చదరపు మీటర్లు. నీళ్లు ఆ పలక పైకి ప్రతి 10 సెంటీమీటర్లు ఎక్కినప్పుడల్లా బండిని సుమారు 800 కిలోల బలంతో పైకి ఎత్తుతాయి. లోపలికి నీళ్లు కారితే ఇది తగ్గుతుంది. కానీ డోర్ల రబ్బర్లు బాగున్న కొత్త బండి అంత తొందరగా నిండదు. రెండు టన్నుల బండి అయినా ఆ పలక పైన అడుగు లోతు అటూ ఇటూ కాగానే టైర్లు నేలను గట్టిగా పట్టుకోవు. అప్పుడు ఫోర్ వీల్ డ్రైవ్ ఉండి ఏం లాభం? అమెరికా జాతీయ వాతావరణ సేవ చెప్పే లెక్కలు గుర్తుపెట్టుకోండి: వేగంగా పారే నీళ్లు 15 సెంటీమీటర్లుంటే మనిషిని పడేస్తాయి, 60 ఉంటే ఎస్‌యూవీలు, పికప్‌లతో సహా చాలా బండ్లను కొట్టుకుపోయేలా చేస్తాయి.

నా నియమం ఒకటే. కాళ్లు నిలదొక్కుకుని నేను నడవలేని చోటికి బండిని పంపను. నడిచేటప్పుడు బూట్లు విప్పకండి. చేతిలో పొడవాటి కర్ర ఉండాలి. ఆ కర్రను ముందే బండి పక్కన నిలబెట్టి హబ్ ఎత్తులో ఒకటి, బంపర్ ఎత్తులో ఒకటి, గాలి గొట్టం ఎత్తులో ఒకటి రంగు టేపు చుట్టండి. నీళ్లలో గుచ్చినప్పుడు ఏ టేపు తడిసిందో చూస్తే బండి ఎంత మునుగుతుందో అక్కడికక్కడే తెలుస్తుంది. ఒక్క వరుసలో నడిస్తే సరిపోదు, రెండు చక్రాల జాడల్లోనూ నడవాలి. నడిచే మనిషి నడుముకు తాడు మాత్రం కట్టొద్దు. కాలు జారితే ఆ తాడే ప్రవాహానికి ఎదురుగా పట్టి ఉంచి ముంచేస్తుంది.

ఎక్కడ దాటాలన్నది కూడా చూసుకోవాలి. వాగు మెలిక తిరిగేచోట బయటి ఒడ్డు వైపు లోతు ఎక్కువ. వెడల్పుగా పరుచుకుని పైన చిన్న చిన్న అలలు కనిపించే చోట లోతు తక్కువ, అడుగున రాళ్లుంటాయి. నున్నగా, నల్లగా, చప్పుడు లేకుండా పారుతోందంటే అక్కడ లోతుందని అర్థం. నీటి అంచున ఒక రాయి పెట్టి ఉంచండి. కాసేపటికి ఆ రాయి మునిగితే పైన ఎక్కడో వాన పడుతున్నట్టే. వెనక్కి తిరగండి, లేదా తగ్గేదాకా ఆగండి.

గేర్‌లివర్

ఏటిగట్టు గారి పోస్టు ప్రతి ఒక్కరూ రెండుసార్లు చదవాలి.

స్నార్కెల్ తరఫున మాత్రం ఒక మాట చెప్పాలి, ఇక్కడ దాన్ని మరీ తీసిపారేస్తున్నారు. 95 సెంటీమీటర్ల ఎత్తు అనేది బండి చదునుగా నిలబడినప్పటి లెక్క. ఒడ్డు దిగేటప్పుడు ముక్కు కిందికి వంగుతుంది, ఆ క్షణంలో నీళ్లు బానెట్ మీదకే వస్తాయి. ఆ ఒక్క ముంపుకు స్నార్కెల్ ఉంటే ఊపిరి ఆడుతుంది. దుమ్ము రోడ్ల మీద పైనుంచి శుభ్రమైన గాలి రావడం ఇంకో లాభం. నేను దాన్ని లోతు పెంచుకునే సాధనంగా కాదు, పొరపాటు జరిగితే కాపాడేదిగా చూస్తాను.

కానీ బిగించడంలోనే అసలు సంగతి. పైన ఎంత అందంగా ఉన్నా ఫెండర్ లోపలి జాయింట్ కారితే దాని వల్ల నష్టమే, ఎందుకంటే ఆ నమ్మకంతోనే మీరు లోతుకు వెళ్తారు. ప్రతి జాయింట్‌కు సీలెంట్, గట్టి క్లాంపు ఉండాలి. ఎయిర్ ఫిల్టర్ పెట్టె అడుగున వాన నీళ్లు పోవడానికి చిన్న రంధ్రమో రబ్బరు వాల్వో ఉంటుంది, చాలామంది దాన్ని మర్చిపోతారు. అది మునిగితే స్నార్కెల్ ఉన్నా కింద నుంచి నీళ్లు తాగుతుంది. పరీక్ష సులువు: ఇంజన్ ఐడిల్‌లో పెట్టి స్నార్కెల్ నోటిని మందపాటి అట్టతో పూర్తిగా మూయండి. ఇంజన్ ఊపిరాడక ఆగిపోవాలి. ఏమీ కానట్టు నడుస్తూనే ఉందంటే ఎక్కడో లీకు ఉంది. వెంటనే అట్ట తీసి లీకు వెతకండి.

మట్టిరోడ్డు

ఇది బాగుంది. నా స్నేహితుడి బండికి స్నార్కెల్ ఒక వర్క్‌షాపులో పెట్టించాడు, ఈ పరీక్ష రేపు వాడితో చేయిస్తాను. మరి నడిపేటప్పుడు ఏ గేరు? ఎంత స్పీడు? ముందు బానెట్‌కు టార్పాలిన్ కట్టాలని వీడియోల్లో చూశాను.

లోరేంజ్

దిగే ముందే లో రేంజ్ (మెల్లగా, ఎక్కువ బలంతో లాగే గేర్ల వరుస), డిఫ్ లాక్ (రెండు చక్రాలనూ ఒకే వేగంతో తిప్పేది) ఉంటే అదీ వేసేయండి. మాన్యువల్ అయితే రెండో గేరు, అడుగున రాళ్లెక్కువైతే మొదటిది. నీళ్లలో ఉండగా క్లచ్ తొక్కొద్దు. తొక్కితే ప్లేట్ల మధ్యకు నీళ్లూ ఒండ్రూ చేరి క్లచ్ జారుతుంది. పాత ల్యాండ్ రోవర్లకైతే క్లచ్ గది అడుగున నీళ్లలో దిగే ముందు బిగించి, తర్వాత తీసేసే ప్లగ్ ఉంటుంది. మనకు ఆ సౌకర్యం లేదు కాబట్టి కాలు దూరంగా ఉంచడమే.

స్పీడు మనిషి వడివడిగా నడిచినంత. దిగేటప్పుడు ఇంకా మెల్లగా. అంత వేగంలో బంపర్ ముందు ఒక అల లేస్తుంది, దాని వెనకాల ఇంజన్ గదిలో నీటిమట్టం కాస్త తగ్గుతుంది. ఆ అలను అలాగే తోసుకుంటూ పోవాలి. వేగం పెంచితే అల బానెట్ ఎక్కుతుంది, ఆగితే తిరిగొచ్చి ఇంజన్ మీద పడుతుంది. యాక్సిలరేటర్ మీద కాలు ఒకే తీరుగా ఉండాలి. సైలెన్సర్ నుంచి పొగ తోస్తున్నంతసేపూ నీళ్లు అందులోకి ఎక్కవు.

టార్పాలిన్ ముందుకు కదులుతున్నంతసేపే పనిచేస్తుంది. చిన్న దూరం, నిలకడ నీళ్లు అయితే ఉపయోగమే. అటు ఒడ్డుకు చేరగానే విప్పేయాలి, లేకపోతే రేడియేటర్‌కు గాలి ఆడదు.

ఇంకొక సంగతి: బండ్లన్నీ ఒకేసారి దిగొద్దు. ముందుది పూర్తిగా ఒడ్డెక్కాకే రెండోది.

వానకాలం

ఫ్యాన్ సంగతి ఎవరూ చెప్పలేదు. తిరుగుతున్న ఫ్యాన్ నీళ్లలో మునిగితే దాని రెక్కలు ముందుకు వంగి రేడియేటర్‌ను కోసేస్తాయి. బెల్టుతో తిరిగే విస్కస్ ఫ్యాన్ అయితే ఇంజన్ చల్లారాక వదులుగా తిరుగుతుంది, అందుకే మళ్లీ ఆ పావుగంట. ఎలక్ట్రిక్ ఫ్యాన్ అయితే దిగే ముందు దాని కనెక్టరో ఫ్యూజో తీసేయండి, ఒడ్డెక్కాక పెట్టడం మర్చిపోకుండా తీసిన ఫ్యూజును స్టీరింగ్‌కు టేపుతో అంటించండి. కొత్త బండ్లలో ఆటో స్టార్ట్ స్టాప్ ఆపేయాలి. పార్కింగ్ సెన్సర్లు, దానంతట అది బ్రేక్ వేసే సిస్టమ్ కూడా. అలను చూసి అడ్డంకి అనుకుని నడి వాగులో బ్రేక్ పడితే ఎలా ఉంటుందో ఆలోచించండి.

కిటికీలు దించి ఉంచాలి. బయట నీళ్ల ఒత్తిడికి డోరు తెరుచుకోదు, పవర్ విండోలు తడిస్తే పనిచేయవు.

గేర్‌లివర్

సీటు బెల్టు? నేను తీయించను. బండి గుంటలో ఒరిగితే తల పగులుతుంది.

ఏటిగట్టు

గేర్‌లివర్ గారూ, ఇక్కడ మీతో ఏకీభవించలేను. మనిషి నడక వేగంలో ఒరిగినా దెబ్బ చిన్నదే. నీళ్లు నిండుతున్న బండిలో, వణికే చేతులతో, ఒడిలో పిల్లాడితో బెల్టు బటన్ వెతుక్కోవడం వేరు. నీళ్లలోకి దిగేముందు తీయించి, ఒడ్డెక్కగానే పెట్టిస్తాను. ఇంకా మంచిది, డ్రైవర్ తప్ప మిగతావాళ్లు ఆ లోతులో బండిలో ఉండకపోవడం.

గేర్‌లివర్

పిల్లలు ఉన్నప్పటి మాట ఒప్పుకుంటున్నా.

మట్టిరోడ్డు

ఒకవేళ మధ్యలో ఇంజన్ ఆగిపోతే?

పానాపట్టు

తాళం తిప్పొద్దు. ఎంత భయమేసినా, వెనక ఎంతమంది అరిచినా సరే. నీళ్లు మింగి ఆగిన ఇంజన్‌లో రాడ్ ఇంకా వంగకపోయి ఉండొచ్చు, స్టార్టర్ కొట్టి దాన్ని మనమే వంచుతాం. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవడం అంటే ఇదే.

అందుకే రికవరీ స్ట్రాప్ (ఆగిన బండిని లాగే గట్టి పట్టీ) దిగే ముందే తగిలించాలి. మునిగిన హుక్ కోసం బురదనీళ్లలో తల ముంచి వెతకడం ఎవరివల్లా కాదు. స్ట్రాప్‌ను వెనక రికవరీ పాయింట్‌కు (లాగడానికి ఛాసిస్‌కు ఉండే గట్టి కొక్కెం) షాకిల్ అనే ఇనుప కడియంతో బిగించి, రెండో కొసను కిటికీ దాకా తెచ్చి పెట్టుకోండి. ముందు కంటే వెనక్కి లాగడమే చాలాసార్లు సులువు, ఎందుకంటే వచ్చిన దారి ఎలాంటిదో తెలుసు.

ఒడ్డుకు లాగాక ముందు ఎయిర్ ఫిల్టర్ మూత విప్పండి. ఫిల్టర్, దాని అవతలి గొట్టం పొడిగా ఉంటే సమస్య కరెంటుది అయ్యుండొచ్చు. తడిగా ఉంటే గ్లో ప్లగ్‌లు (పెట్రోల్ అయితే స్పార్క్ ప్లగ్‌లు) అన్నీ విప్పి, ఇంధనం రాకుండా చేసి, ముందు క్రాంక్ పుల్లీ బోల్టుకు పానా వేసి చేత్తో తిప్పాలి. తిరిగితేనే స్టార్టర్. ఆ రంధ్రాల్లోంచి నీళ్లు చిమ్ముకుంటూ వస్తాయి, మొహం పెట్టకండి. టర్బో బండి అయితే ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే గాలిని చల్లార్చేది) కింది గొట్టం కూడా విప్పాలి. అందులో నిలిచిన నీళ్లు తర్వాత యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు ఒక్కసారిగా ఇంజన్‌లోకి పోతాయి. స్టార్ట్ అయింది కదా అని వదిలేయొద్దు, ఆయిల్ మార్చి, కంప్రెషన్ చూపించండి. కాస్త వంగిన రాడ్ రోజులతరబడి నడిచి ఆ తర్వాత విరుగుతుంది.

లోరేంజ్

ఏమీ కాకుండా దాటినా పని ఉంది. ఒడ్డెక్కగానే కొద్దిదూరం బ్రేక్ మీద మెల్లగా కాలు ఆనించి నడపండి, డిస్కులు ఆరతాయి. వెనక డ్రమ్ములైతే ఇంకొంచెం ఎక్కువ సేపు పడుతుంది. ఇంటికొచ్చాక మంచినీళ్లతో కింద కడగండి, ఆల్టర్నేటర్‌లో ఒండ్రు ఉంటే బ్రష్‌లు తొందరగా అరిగిపోతాయి. కానీ ప్రెషర్ వాషర్‌ను సీళ్ల మీదకు, కనెక్టర్ల మీదకు నేరుగా కొట్టొద్దు. కార్పెట్ ఎత్తి చూడండి, చాలా బండ్లలో వైరింగ్ జాయింట్లు దాని కిందే ఉంటాయి.

మట్టిరోడ్డు

అందరికీ ధన్యవాదాలు. స్నార్కెల్ ఇప్పుడు వద్దనుకున్నాను. ముందు బ్రీదర్లు, రెండు వైపులా రికవరీ పాయింట్లు, టేపు చుట్టిన కర్ర. ఒకే ఒక్క సందేహం మిగిలింది: డిఫ్‌లోకి నీళ్లు పోయాయో లేదో మొత్తం ఆయిల్ తీయకుండా తెలుసుకోవచ్చా?

పానాపట్టు

తెలుసుకోవచ్చు. బండిని రాత్రంతా చదునుగా కదలకుండా నిలపండి. నీళ్లు ఆయిల్ కంటే బరువు కాబట్టి విడిగా ఉన్నవి అడుగుకు దిగుతాయి. పొద్దున్నే ముందు పైన ఫిల్లర్ ప్లగ్ వదులవుతుందో లేదో చూసుకుని (అది రాకపోతే తిరిగి ఆయిల్ పోసుకోలేరు), తర్వాత కింది డ్రెయిన్ ప్లగ్‌ను చుక్కలు పడేంత మాత్రమే వదులు చేయండి. ముందుగా నీటి చుక్కలు వచ్చినా, వచ్చిన ఆయిల్ తెల్లగా ఉన్నా మొత్తం మార్చేయాలి. శుభ్రమైన ఆయిలే వస్తే ప్లగ్ బిగించేసి, ఫిల్లర్ రంధ్రం అంచుదాకా ఆయిల్ ఉందో లేదో వేలితో చూసి మూసేయండి. ట్రాన్స్‌ఫర్ కేస్‌కూ ఇలాగే చేయొచ్చు.